ముగింపు దొరికిన రక్తపిశాచి

సీరియల్‌కు ముగింపు అంటే భయం, సినిమాకు ముగింపే ప్రాణం. ప్రతిరోజూ అరగంట చొప్పున ఇంట్లోకి నడిచివచ్చే ధారావాహిక, కథను రేపటికి వాయిదా వేసే నేర్పు మీద బతుకుతుంది. చీకటి హాలులో గంటన్నర సేపు నడిచే సినిమా మాత్రం, తాను మొదలుపెట్టిన ముడిని ఆ కూర్చున్న చోటనే విప్పి ప్రేక్షకుణ్ని ఇంటికి పంపవలసి ఉంటుంది. ఈ రెండు ప్రక్రియల మధ్య ఉన్న ఈ మౌలికమైన తేడా, చావులేని ఒక పాత్ర సీరియల్ నుంచి సినిమాలోకి అడుగుపెట్టినప్పుడు ఎంత స్పష్టంగా బయటపడుతుందో చూపించిన చిత్రం 1970లో అమెరికాలో విడుదలైన ‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’. టెలివిజన్ సీరియల్ ఆధారంగా తీసిన గోథిక్ రక్తపిశాచ చిత్రాల్లో ప్రసిద్ధమైన ఈ సినిమాను భయపెట్టే చిత్రంగా మాత్రమే చూసి పక్కన పెట్టడం దానికి అన్యాయమే అవుతుంది. కథకు ముగింపు ఎందుకు కావాలో ఆలోచింపజేసే రచనగా కూడా దాన్ని చూడవలసి ఉంది.

ముందుగా ‘గోథిక్’ అనే మాటను వివరించుకోవడం అవసరం. గోథులు అనేది ప్రాచీన ఐరోపాలోని ఒక జాతి పేరు. మధ్యయుగాల నాటి ఐరోపా చర్చి నిర్మాణ శైలిని తరువాతి కాలపు పండితులు మొరటుదనంగా భావించి, చిన్నచూపుతో ఆ జాతి పేరు పెట్టారు. నింద తొలగిపోయి పేరు మాత్రం నిలిచింది. కొనదేరిన కమానులు, ఆకాశం వైపు చూపును లాక్కుపోయే ఎత్తైన గోపురం, రంగు గాజు కిటికీలగుండా నేల మీద పడే వెలుగు ఆ శైలి లక్షణాలు. మేడ్చల్ మీదుగా జాతీయ రహదారి పట్టి ఉత్తరానికి వెళ్లి, అక్కడి నుంచి మెదక్ దారికి మళ్లినవారికి ఈ శైలి కళ్లారా కనిపిస్తుంది: చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో నిర్మాణం మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఆ గోథిక్ పద్ధతికి తెలుగునేల మీద నిలిచిన గొప్ప ఉదాహరణ. అక్కడ ఆ ఎత్తూ ఆ వెలుగూ భక్తికి తోడ్పడతాయి. అవే ఎత్తులను, అవే నీడలను పాడుబడిన ఒక కోటలోకి తరలించి, భక్తి ఉన్న చోట భయాన్ని కూర్చోబెడితే గోథిక్ సాహిత్యం పుడుతుంది. 1764లో ఇంగ్లండులో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలతో ఈ ధోరణి మొదలైందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పాత భవనం, దాని కింద నేలమాళిగ, ఆ వంశం దాచిపెట్టిన పాపం, తరాలు గడిచాక ఆ పాపం తిరిగివచ్చి వారసుల తలుపు తట్టడం: గోథిక్ కథకు ఈ నాలుగూ నాలుగు స్తంభాలు.

రెండో మాట రక్తపిశాచి. పాశ్చాత్య సాహిత్యంలోని ‘వాంపైర్’కు తెలుగులో ఈ పేరు స్థిరపడింది గాని, ఆ భావానికి సరిగ్గా సరిపోయే దేశీయమైన పిశాచం లేదు. కొరివి దయ్యం దారి తప్పిస్తుంది, కాష్మోరా ఎవరో ప్రయోగిస్తేనే కదులుతుంది, బేతాళుడు పరాయి శవంలో దూరి మాట్లాడతాడు. పాశ్చాత్యుల రక్తపిశాచి వీరందరికంటే భిన్నుడు. అతడు తన సొంత శవంలోనే నివసిస్తాడు, పగలంతా శవపేటికలో పడుకొని రాత్రి లేస్తాడు, బతికున్నవారి రక్తం తాగి తన మరణాన్ని వాయిదా వేసుకుంటాడు. అతడు కాటు వేసినవారు చనిపోయి, వారు కూడా రక్తపిశాచులుగా లేస్తారు. ఉదయపు వెలుగు, శిలువ గుర్తు, గుండెలో దిగే చెక్క మేకు వంటివే అతణ్ని ఆపగలవు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ నవల ఈ నియమాల్లో చాలావాటికి లోకంలో ప్రచారం కల్పించగా, 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాతు’, 1931లో బేలా లుగోసీ, 1958లో క్రిస్టఫర్ లీ డ్రాక్యులాగా నటించిన చిత్రాలు ఆ రూపాన్ని తెర మీద స్థిరపరిచాయి. వీటన్నిటిలోనూ రక్తపిశాచి బయటి నుంచి వచ్చే శత్రువే. అతణ్ని ఇంటి మనిషిని చేసిన ఘనత మాత్రం ఒక మధ్యాహ్నపు టెలివిజన్ సీరియల్‌కు దక్కుతుంది.

ఆ సీరియల్ పేరు ‘డార్క్ షాడోస్’. డాన్ కర్టిస్ అనే నిర్మాత రూపకల్పన చేయగా, అమెరికాలోని ఏబీసీ సంస్థ 1966 జూన్ 27న దాని ప్రసారం ప్రారంభించి, 1971 ఏప్రిల్ 2 వరకు వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున 1,225 భాగాలు నడిపింది. మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత పట్టణం, అక్కడ కాలిన్‌వుడ్ అనే పెద్ద భవనం, అందులో కలిమి ఉన్నా కళ తప్పిన కాలిన్స్ కుటుంబం ఈ కథకు రంగస్థలం. కుటుంబ పెద్ద ఎలిజబెత్ పాత్రను, ఫ్రిట్జ్ లాంగ్ వంటి దర్శకుల చిత్రాల్లో నాయికగా వెలిగిన జోన్ బెనెట్ ధరించింది. మొదట్లో ఇది రహస్యాలతో నడిచే కుటుంబ గాథ మాత్రమే. ఆదరణ అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో, కథలోకి మెల్లగా దయ్యాలు ప్రవేశించాయి. 1967 ఏప్రిల్‌లో ఒక నగల దొంగ పాత సమాధిలోని గొలుసులు చుట్టిన శవపేటికను తెరవగా, అందులో నుంచి ఒక చేయి బయటికి వచ్చి అతని గొంతు పట్టుకుంది. ఆ చేయి బార్నబస్ కాలిన్స్‌ది. ఆ పాత్రధారి కెనడాకు చెందిన రంగస్థల నటుడు జోనథన్ ఫ్రిడ్. కొద్ది వారాలు భయపెట్టి చచ్చిపోవలసిన ప్రతినాయకుడిగా ప్రవేశించిన బార్నబస్, ఆ సీరియల్‌కు ముఖచిత్రంగా మారి దాని చివరి దశ వరకు నిలిచాడు.

ఆ మార్పు ఎలా జరిగిందో అర్థం కావాలంటే దినసరి సీరియల్ పనిచేసే తీరు తెలియాలి. న్యూయార్క్‌లోని చిన్న స్టూడియోలో, అట్ట గోడల మధ్య, వీడియో టేపు మీద దాదాపు ప్రత్యక్ష ప్రసారం తీసినట్టే ప్రతి భాగాన్నీ ఏకబిగిన తీసేవారు; ఆ రోజుల్లో టేపును కత్తిరించి అతకడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని కాబట్టి, నటుడు మాట మరిచినా, మైకు తెరలోకి తొంగిచూసినా చాలాసార్లు అది అలాగే ప్రసారమయ్యేది. ఇటువంటి లోపాలున్న చోట భయం నిలవదని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి అక్కడ భయం కంటే విలువైనది మరొకటి పెరిగింది. దాని పేరు పరిచయం. బడి వదలగానే పిల్లలు ఇంటికి పరుగెత్తుకొచ్చి చూసే ఆ అరగంటలో, రోజూ కనిపించే ముఖం ఎంత క్రూరమైనదైనా క్రమంగా చుట్టం ముఖమే అవుతుంది. రాత్రి భోజనాల వేళ తెలుగు సీరియల్ చూసే కుటుంబాల్లో, మొదటి నెల తిట్టిపోసిన పాత్రనే ఏడాది తిరిగేసరికి జాలిగా చూడడం అందరికీ తెలిసిన అనుభవమే. రచయితలు కూడా ఆ పరిచయానికి తగిన కారణం కల్పించారు. కథను 1795కు వెనక్కి నడిపి, బార్నబస్ ఒకప్పుడు జోసెట్ అనే యువతిని ప్రేమించిన మామూలు యువకుడేననీ, అతని ప్రేమను పొందలేకపోయిన ఏంజెలిక్ అనే మంత్రగత్తె శాపం వల్లనే రక్తపిశాచి అయ్యాడనీ నెలల తరబడి చూపించారు. తన పాపానికి తానే కుమిలిపోయే రక్తపిశాచి, చావలేక బతికే ప్రేమికుడు, ఆ విధంగా టెలివిజన్‌లో రూపుదిద్దుకున్నాడు.

సీరియల్ ఇంకా ప్రసారమవుతుండగానే డాన్ కర్టిస్ దాన్ని సినిమాగా తీయడానికి పూనుకొని, మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థను ఒప్పించి, తొలిసారిగా సినిమాకు దర్శకత్వం వహించాడు. సీరియల్ రచయితలైన శామ్ హాల్, గోర్డన్ రసెల్ కథనాన్ని రాశారు, సంగీతం కూడా సీరియల్‌కు పనిచేసిన రాబర్ట్ కోబర్ట్‌దే, నటీనటులు చాలావరకు పాతవారే. వ్యయం సుమారు 7,50,000 డాలర్లు, చిత్రీకరణకు దొరికింది ఆరు వారాలు. అదే నటుడు ఒకేసారి రెండుచోట్ల ఉండలేడు కాబట్టి, ఆ వారాల్లో సీరియల్ కథలో బార్నబస్‌ను మళ్లీ శవపేటికలో గొలుసులతో బంధించి ఉంచారు. సీరియల్‌లో పడుకోబెట్టిన పాత్ర సినిమాలో లేచి తిరిగిందన్నమాట; నిర్మాణ అవసరం కోసం చేసిన ఈ సర్దుబాటులోనే ఆ రెండు ప్రక్రియల సంబంధం మొత్తం ఇమిడి ఉంది.

సినిమాకు దొరికిన మొదటి వరం స్థలం. స్టూడియోలోని అట్ట గోడలను విడిచి, దర్శకుడు కెమెరాను న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డున ఉన్న టారీటౌన్‌కు తీసుకువెళ్లాడు. అక్కడి లిండ్‌హర్స్ట్ భవనం 1838లో అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ అనే వాస్తుశిల్పి గోథిక్ శైలిలో రూపొందించినది; తరువాత అది రైల్వే వ్యాపారి జే గౌల్డ్ చేతికి వచ్చి, చివరికి వారసత్వ కట్టడాలను కాపాడే జాతీయ సంస్థకు చేరింది. మహానగరానికి ఉత్తరాన, నీటి ఒడ్డున, రాళ్లూ చెట్లూ పరుచుకున్న నేల మీద పాత కాలం కొత్త కాలాన్ని తాకే అంచు అది. సికింద్రాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద ఉత్తరానికి సాగి, శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర సాయంత్రం పూట ఆగినవారికి అటువంటి అంచు ఎలా ఉంటుందో వర్ణించి చెప్పనక్కరలేదు; ఒకవైపు కొత్త భవనాల దీపాలు వెలుగుతుండగా, మరోవైపు నీటి మీద చీకటి ముందుగానే దిగుతుంది. గోథిక్ కథలు ఇటువంటి పొలిమేరలనే వెతుక్కుంటాయి. నడి ఊళ్లో పాతది నిలవదు, నడి అడవిలో కొత్తది చేరదు, రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకొనేది ఊరి చివరనే. ఛాయాగ్రాహకుడు ఆర్థర్ ఆర్నిట్జ్ ఆ భవనంలోని అసలైన మెట్లను, అసలైన ఇరుకు గదులను, కొనదేరిన అసలైన కిటికీలను చూపించినప్పుడు, నాలుగేళ్లుగా ఎక్కువగా అట్ట గోడల మధ్యనే కనిపించిన కాలిన్‌వుడ్‌కు మొదటిసారి బరువు వచ్చింది.

కథ క్లుప్తంగా ఇది. కాలిన్స్ వంశపు పాత నగల కోసం వెతుకుతున్న విల్లీ లూమిస్ అనే పనివాడు, కుటుంబ సమాధిలో గొలుసులు కట్టిన శవపేటికను తెరిచి బార్నబస్‌ను విడుదల చేస్తాడు. ఆ క్షణం నుంచి అతనికే బానిస అవుతాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన దూరపు బంధువునని చెప్పుకొని బార్నబస్ ఆ ఇంట్లో అడుగుపెడతాడు. ఇంటివారు అతని ముఖంలో గోడ మీది పూర్వికుడి పోలికలు చూసి మురిసిపోతారే గాని, ఆ పూర్వికుడే ఎదుట నిలిచాడని గ్రహించరు. ఎలిజబెత్ కూతురు కరొలిన్ అతని కాటుకు లోబడుతుంది. ఆ ఇంటి పిల్లవాడికి చదువు చెప్పే మ్యాగీలో అతనికి చనిపోయిన జోసెట్ కనిపిస్తుంది. మ్యాగీ మీద అతని మనసు పోవడం సహించలేక ఎదురు తిరిగిన కరొలిన్ ప్రాణం కోల్పోయి, సమాధి నుంచి రక్తపిశాచిగా లేస్తుంది. నాన్సీ బారెట్ నటించిన ఈ భాగం సినిమా మొత్తంలోకీ బలమైనది. శిలువలు పట్టుకున్న పోలీసులు చుట్టుముట్టగా, నిన్నటివరకు నవ్వుతూ తిరిగిన ఆ ఇంటి ఆడపిల్ల మృగంలా బుసలు కొడుతూ గోడకు ఒదిగిపోయి, చివరికి గుండెలో దిగిన మేకుతో నిశ్చలమవుతుంది. స్టోకర్ నవలలో లూసీ అనే యువతికి పట్టిన గతి దీనికి మూలమని పోల్చుకోవచ్చు. అయితే సీరియల్‌ను రోజూ చూసినవారికి ఈ మరణం కలిగించిన దిగ్భ్రమ నవల పాఠకుడికి కలగదు. ఏళ్ల తరబడి ఇంట్లో తిరిగిన పిల్ల నిజంగా చనిపోయిందని, రేపటి భాగంలో ఆమె లేవబోదని వారు నమ్మవలసి వచ్చింది.

సీరియల్‌కూ సినిమాకూ ఉన్న తేడా ఈ చోటనే తేటతెల్లమవుతుంది. సీరియల్‌లో చావు తాత్కాలికం. ఆదరణ ఉన్న పాత్ర చనిపోతే రచయిత శాపమో, కవలల కథో, గతంలోకి ప్రయాణమో కల్పించి తిరిగి తెస్తాడు. సినిమాలో ప్రతి చావూ లెక్కలోకి వస్తుంది. సుమారు 97 నిమిషాల నిడివిలో ఆ ఇంటి మనుషులు ఒక్కొక్కరుగా తగ్గిపోతుంటే, భవనం క్రమంగా ఖాళీ అవుతుంటే, వంశం అంతరించడమంటే ఏమిటో ప్రేక్షకుడికి ఒంటికి తాకుతుంది. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. బార్నబస్ మీద జాలి పుట్టించడానికి సీరియల్‌కు దొరికిన నెలల వ్యవధి సినిమాకు దొరకలేదు. ఏంజెలిక్ పాత్ర ఇందులో కనిపించదు, శాపానికి ముందున్న యువకుడి ముఖం దాదాపుగా తెలియదు. అందువల్ల సినిమాలోని బార్నబస్ మరింత క్రూరుడు; తన బానిసను కర్రతో బాదేటప్పుడు అతని కళ్లలో పశ్చాత్తాపం వెతికినా దొరకదు. సీరియల్ తెలియని ప్రేక్షకుడికి కథ కొన్నిచోట్ల తొందరగా పరుగెత్తినట్టు, కొందరు మనుషులు పరిచయం కాకముందే చనిపోయినట్టు అనిపించడం న్యాయమే. ఆ లోటును చాలావరకు పూరించినవాడు జోనథన్ ఫ్రిడ్. కత్తిలాంటి మాట, అకస్మాత్తుగా మెత్తబడే చూపు, మ్యాగీ ఎదుట నిలిచినప్పుడు రెండు శతాబ్దాల ఒంటరితనాన్ని మోసే ఆ భుజాల వంపు, రచన చెప్పలేని దానిని చెబుతాయి.

ఈ చిత్రంలో మరొక గొప్ప ఆలోచన వైద్యురాలు జూలియా హాఫ్‌మన్ పాత్రలో ఉంది. గ్రేసన్ హాల్ పోషించిన ఈ పాత్ర, రక్తపిశాచ లక్షణాన్ని శాపంగా భావించక రక్తంలోని కణాల వ్యాధిగా చూసి, సూదిమందుతో నయం చేయడానికి పూనుకుంటుంది. పూజారి చేతిలోని శిలువ స్థానంలో వైద్యురాలి చేతికి సిరంజి రావడం గోథిక్ కథకు ఆధునిక కాలం ఇచ్చిన మలుపు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి పరిసరాల్లో విస్తరించిన జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతున్న ఈ రోజుల్లో, ఆ ప్రాంతవాసులకు ఈ ఘట్టం మరింత దగ్గరగా తోస్తుంది. ఎందుకంటే చేతబడి, బాణామతి అనే అనుమానంతో నిరపరాధులను హింసించిన విషాదాలు తెలంగాణ పల్లెలకు తెలియనివి కావు, భూతమని భయపడిన చోట రోగమేమో పరీక్షించి చూడాలన్న జూలియా తొలి ఆలోచన అన్ని కాలాలకూ అవసరమైనది. కథలో భయపడడం వేరు, బతుకులో భయాన్ని నమ్మి ఇంకొకరి మీదికి కర్ర ఎత్తడం వేరు. మంచి భయానక కళ మొదటి అనుభవాన్ని ఇచ్చి రెండవదాని నుంచి మనిషిని కాపాడగలగాలి. చికిత్స ఫలించి బార్నబస్ పగటి వెలుగులో నడవగలిగే దాకా వస్తాడు. అయితే వైద్యురాలు తన రోగినే ప్రేమించి, అతని మనసు మ్యాగీ మీద ఉందని తెలిసి, ఈర్ష్యతో వేసిన సూదిమందు వికటించి, దాచిపెట్టిన వయసంతా ఒక్కసారి అతని మీద విరుచుకుపడుతుంది. ఓడించింది విజ్ఞానం కాదు, విజ్ఞానాన్ని పట్టుకున్న మనిషి మనసు.

ఆ ముసలితనాన్ని తెర మీద సృష్టించినవాడు డిక్ స్మిత్. మెత్తటి రబ్బరు వంటి పదార్థంతో ముఖంలోని ఒక్కొక్క భాగానికి వేరువేరు పొరలు పోతపోసి, నటుడి చర్మం మీద అతికించి, కండరాలతో పాటు ముడతలు కూడా కదిలేలా చేయడం ఆయన పద్ధతి. ముఖం మొత్తానికి ఒకే తొడుగు వేస్తే నటుడు మాట్లాడినా తొడుగు కదలదు. విడివిడి పొరలైతే కళ్ల కింది సంచి కూడా బాధను పలికించగలదు. అదే 1970లో వచ్చిన ‘లిటిల్ బిగ్ మ్యాన్’ చిత్రంలో డస్టిన్ హాఫ్‌మన్‌ను 121 ఏళ్ల వృద్ధుడిగా, తరువాత ‘ది గాడ్‌ఫాదర్’లో మార్లన్ బ్రాండోను వయసు మళ్లిన పెద్దగా మలచింది ఈయనే. బార్నబస్ ముడతల ముఖం చూసినప్పుడు ప్రేక్షకుడికి భయం కన్నా ముందు జాలి కలుగుతుంది. చావును వాయిదా వేయవచ్చు గాని వయసు బాకీ పడే ఉంటుందని, ఆ బాకీ వడ్డీతో సహా వసూలవుతుందని, ఒక్క మాట లేకుండా ఆ ముఖం చెబుతుంది.

శిథిలమైన ఒక ప్రార్థనామందిరంలో మ్యాగీని జోసెట్ పెళ్లిదుస్తుల్లో కూర్చోబెట్టి బార్నబస్ తలపెట్టిన వివాహం ఈ సినిమాకు పతాక సన్నివేశం. గత జన్మ ప్రేయసిని ఈ జన్మ స్త్రీలో వెతకడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. 1964 నాటి ఆదుర్తి సుబ్బారావు చిత్రం ‘మూగమనసులు’ నుంచి 2009 నాటి ‘మగధీర’ వరకు పునర్జన్మ ప్రేమను తెలుగువారు ఆనందంగా ఆదరించారు. అక్కడ ఇద్దరూ చచ్చి ఇద్దరూ పుడతారు కాబట్టి ప్రేమకు రెండో అవకాశం న్యాయంగా దక్కుతుంది. ఇక్కడ ఒకరు చావనే లేదు, మరొకరు పుట్టనే లేదు. మ్యాగీ జోసెట్ కాదు, ఆమె ముఖం మాత్రమే జోసెట్‌ది. చనిపోయినవారిని వదిలిపెట్టలేనివాడు బతికున్నవారిని ఎలా హింసిస్తాడో చూపిన తీరులో ఈ చిత్రపు నైతిక బలం ఉంది. తలుపులు మూసి సమాధి చేసిన పాపం తరాల తరువాత లేచి వారసురాలిని కోరే కథను తెలుగులో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘అరుంధతి’ ఎంతో ప్రతిభతో చెప్పింది. అందులో కూడా కోటలో మూసిన గోడ బద్దలైనప్పుడే కథ మొదలవుతుంది. గడీల కథలు, పాత దివాణాల పుకార్లు వింటూ పెరిగిన నేలకు గోథిక్ భావం పరాయిది కాదని ఆ చిత్రానికి దక్కిన ఆదరణ నిరూపించింది. బుల్లితెర నుంచి పెద్దతెరకు రావడం కూడా తెలుగులో జరగనిది కాదు. గుణ్ణం గంగరాజు సృష్టించిన హాస్య ధారావాహిక ‘అమృతం’ 2014లో ‘చందమామలో అమృతం’ సినిమాగా వచ్చింది. నవ్వుకైనా భయానికైనా ఆ ప్రయాణంలో ఎదురయ్యే చిక్కు ఒక్కటే: ఏళ్ల తరబడి ఇంట్లో కూడబెట్టిన పరిచయాన్ని హాలులో రెండు గంటల్లో ఖర్చు చేయడం ఎలా అన్నది.

ఈ ప్రశ్నకు అతి ప్రాచీనమైన సమాధానం బేతాళ కథల్లో ఉంది. రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు ఈ కథల్లో కొన్నిటిని 1870లో ఆంగ్లంలో వెలువరించినప్పుడు బేతాళుణ్ని ‘వాంపైర్’ అనే పిలిచాడు. రక్తం తాగని బేతాళుడికి ఆ పేరు అతకదు గాని, ఆ పొరపాటులో కూడా ఒక సత్యం దాగి ఉంది. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రచించిన ‘కథాసరిత్సాగరం’లో చోటుచేసుకున్న ఈ కథల చట్రాన్ని పరిశీలిస్తే, అది అచ్చమైన సీరియల్ చట్రమేనని తెలుస్తుంది. ఒక భిక్షువు కోరిక మేరకు రాజు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తాడు, శవంలోని బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు, రాజు మౌనం వీడి జవాబు చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మరుసటి కథకు మరుసటి నడక. ‘చందమామ’ పత్రిక ఈ చట్రంలో కొత్త కథలు అల్లుతూ దశాబ్దాల పాటు నెలనెలా నడపగలిగిందంటే, చిత్రకారుడు శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద శవం తరాల పిల్లల కళ్లలో నిలిచిపోయిందంటే, చావని పాత్రకూ ఆగని కథకూ ఉన్న చుట్టరికమే కారణం. అయితే మూలకథ అక్కడ ఆగదు. చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు ఉండదు, మౌనంగా నడుస్తాడు, చెట్టెక్కడం ఆగిపోతుంది. అప్పుడు బేతాళుడే భిక్షువు పన్నిన కుట్రను రాజుకు చెప్పి కాపాడతాడు. ఎన్ని కథలైనా చెప్పగలవాడు తనంతట తానే కథకు ముగింపు పలికిన ఆ ఘట్టమే అంతవరకు జరిగిన నడకలన్నిటికీ అర్థం ఇస్తుంది.

‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’ ముగింపును ఈ వెలుగులో చూస్తే దాని విలువ తెలుస్తుంది. మ్యాగీని కాపాడడానికి వచ్చిన ఆమె ప్రియుడు జెఫ్ వదిలిన బాణం బార్నబస్‌కు తగలదు. అడ్డుపడిన విల్లీ శరీరంలో దిగుతుంది. జెఫ్ రక్తపిశాచి చూపుకు కట్టుబడి నిశ్చేష్టుడై నిలబడగా, పెళ్లికూతురి మెడ మీదికి బార్నబస్ వంగుతుండగా, కొనఊపిరితో ఉన్న విల్లీ అదే బాణంతో వెనుక నుంచి తన యజమానిని పొడుస్తాడు. ఆ పోటుతో కట్టు విడిన జెఫ్ బాణాన్ని పూర్తిగా దింపుతాడు. జాన్ కార్లెన్ నటించిన ఈ పనివాడి పాత్ర సినిమా మొదటి నుంచీ దెబ్బలు తింటూ, ఏడుస్తూ, చెప్పినది చేస్తూ వచ్చింది. నగల ఆశతో మూత తెరిచినవాడే ప్రాణమిచ్చి ఆ మూత వేయడంలో కథ వలయం పూర్తవుతుంది. పోలీసులు, వైద్యురాలు, ఆ ఇంటి ధనికులు అందరూ ఓడిపోయిన చోట, ఎవరూ లెక్కచేయని మనిషి ముగింపు పలికాడు. బార్నబస్‌కు కూడా అది శిక్షగా కంటే విముక్తిగా కనిపిస్తుంది. రెండు వందల ఏళ్లుగా అతనికి ఎవరూ ఇవ్వలేకపోయినది విల్లీ ఇచ్చాడు.

సినిమా చివర నటీనటుల పేర్లు గడిచాక, పడి ఉన్న దేహం నుంచి ఒక గబ్బిలం లేచి ఎగిరిపోతుంది. సీరియల్ సినిమా చెవిలో చెప్పిన చివరి మాటగా దాన్ని అర్థం చేసుకోవాలి. తరువాయి భాగం ఉందన్న ఆశ ఆ ప్రక్రియ స్వభావంలోనే ఉంది. ఆ ఆశ వృథా పోలేదు. 1971లో బార్నబస్ లేకుండానే ‘నైట్ ఆఫ్ డార్క్ షాడోస్’ వచ్చింది, 1991లో ‘డార్క్ షాడోస్’ పేరుతోనే సీరియల్ మళ్లీ తీశారు, 2012లో టిమ్ బర్టన్ దర్శకత్వంలో జానీ డెప్ బార్నబస్‌గా కనిపించాడు. ఆ చివరి చిత్రంలో క్షణకాలం అతిథిగా కనిపించిన జోనథన్ ఫ్రిడ్, అది విడుదల కావడానికి కొద్ది వారాల ముందు, 2012 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. చావులేని పాత్రను ధరించిన నటుడికి మాత్రం జీవితం తన ముగింపును తానే రాసింది. ఆ పాత్ర ఇంకా ఎగురుతూనే ఉంది గాని, అది ఒక్కసారైనా నేల మీద వాలి, ఒక సాధారణ పనివాడి చేతిలో శాంతి పొందిన ఆ కొద్ది క్షణాల కోసం, ఈ 97 నిమిషాల చిత్రం గోథిక్ కథలను ప్రేమించే ప్రతివారూ చూడదగినది.